చుట్టని ఫ్లాస్కు

విన్నిపెగ్‌లో ఫిబ్రవరి.
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పేరుకునే పొద్దు.
ఆరున్నరకి ల్యాబ్ తాళం తీసేదాన్ని నేనే,
ఇరవై రెండేళ్లుగా నేనే.
గాజు కడగడం, నైట్రోజన్ సిలిండర్ మార్చడం,
కుర్రాళ్లు వదిలేసిన గ్లోవ్స్ ఏరడం నా పని.
నా పేరు ఏ పేపరు మీదా ఉండదు.
చివర కృతజ్ఞతల్లో ఒక్కసారి
తప్పు అక్షరాలతో పడింది.

రొమెయిన్ డెలార్మ్ అని ఒక కుర్రాడు.
వాళ్ల తాత ట్రాన్స్‌కోనా రైలు షెడ్డులో
చక్రాలకి పట్టీలు బిగించినవాడు.
"ఇనుము మా ఇంట్లో నాతో మూడో తరం,
కాకపోతే నాది మిల్లీగ్రాముల్లో" అనేవాడు.

అతని ఇనుము వేరే రకం.
ఒకవైపు ఐదు కార్బన్ల ఉంగరం,
ఇంకోవైపు ఆరు కార్బన్లది,
రెండు అరచేతుల మధ్య పట్టిన మిణుగురులా
నడుమ ఒక్క పరమాణువు.
ఆ పెద్ద ఉంగరానికి అటొకటి ఇటొకటి క్లోరిన్.
ఒట్టప్పుడు ఎంత లాగినా రాని మొండిఘటం.
ఇనుము పక్కన చేరి
ఎలక్ట్రాన్లని తనవైపు గుంజుతుంటే మాత్రం
పట్టు సడలి లేచిపోతుంది.
ఆ ఖాళీలో ఫినాల్ వచ్చి కూర్చుంటుంది.
దాని రెండో చేతికి మరో ఉంగరం,
దానికి మరొకటి.
అడుగున తెల్లటి కార్బొనేట్ సుడి తిరుగుతుండగా
రాత్రల్లా గొలుసు సాగుతుంది.
ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోట్లంటారు.
ఇక్కడ సమ్మెటా లేదు, అగ్నీ లేదు.
తెల్ల బిళ్లంత అయస్కాంతం గిరగిర, అంతే.

పొద్దున్న ఆమ్లపు నీళ్లలో ఒంపితే
పసుపు.
జూలైలో పోర్టేజ్ దారి పక్క కనోలా చేను ఉంటుందే,
అచ్చం అది,
ఈ చలిలో, గరిటెడు.

ఒకటే కట్టడి: దానికి వెలుతురు తగలకూడదు.
సరస్సు మీదికి వెళ్లే నాన్నకి రొట్టె చుట్టినట్టు
ప్రతి ఫ్లాస్కుకీ వెండి రేకు చుట్టేదాన్ని.

ఆ మంగళవారం ఒకటి చుట్టలేదు.
గిమ్లీ నుంచి ఫోన్.
తమ్ముడి ట్రక్కు మంచు పగుల్లో ఇరుక్కుందట,
ముందు చక్రాలు రెండూ నీళ్లలో ఉన్నాయట.
మాట్లాడుతూ నడవాలోకి పోయాను.
బయట నేలంతా మంచు, పైన ఎండ,
రెండూ కలిసి కిటికీలోంచి లోపలికి దూకాయి.

మధ్యాహ్నానికి కనోలా లేదు.
తుప్పు నీళ్లు.
అడుగున పిండిలా తెల్లటి గొలుసు చతికిలబడి ఉంది.

రొమెయిన్ ఫ్లాస్కు ఎత్తి చాలాసేపు చూశాడు.
"ఇనుము ఊడిపోయింది. అందుకే దిగిపోయింది."

మా నాన్న వలకి పైన బెండ్లు, కింద ఇనుప గుళ్లు.
బరువన్నది కిందికే పోతుందని
ఏడో ఏట నేర్చుకున్నాను.
"అయితే ఇన్నాళ్లూ దాన్ని తేల్చింది ఇనుమేనా?"
అడిగాక తెలిసింది, అడిగే సమయం కాదని.
"దాని మీద ఛార్జ్ ఉంటుంది. ద్రావకం దాన్ని చూసి
గొలుసునంతా మోస్తుంది."
కాసేపాగి,
"వచ్చే వారం దీపం పెట్టి నేనే తీసేవాణ్ణి.
ముందు బరువు తూచాక.
ముందు కొలిచాక."

ఆరు వారాల పని.
శుక్రవారం దాకా నాతో మాట్లాడలేదు.
శుక్రవారం కాఫీ తెచ్చాడు, చల్లారిపోయింది.
షెల్ఫుకి చీటీ అంటించాడు: చుట్టు.
దాని కింద, చిన్న అక్షరాల్లో: దయచేసి.

ట్రక్కు ఎలాగో బయటపడింది.
ఆ తెల్లపొడి ఏ ద్రావకంలోనూ కరగలేదు,
నాలుగు మార్చి మార్చి చూశాడు.
సీసాలో పోసి తేదీ రాయమన్నాడు.
తేదీ రాశాను.
పేరు రాయాల్సిన చోట పెన్ను ఆగింది.
ఇనుముండగా పెట్టిన పేరది,
ఇప్పుడు దాన్నేమనాలి?